అరిచే స్లిప్ రింగులు: గజపతినగరం అవతల ఒక క్రషర్ మోటారు

విజయనగరంలో నాకు మోటార్ రివైండింగ్ షాపు ఉంది. ఇరవై రెండేళ్లయింది. బెంచీ మీదకి వచ్చేవి ఎక్కువగా బోరు పంపులు, రైస్ మిల్లు మోటార్లు. స్లిప్ రింగ్ మోటార్లు, అంటే లోపల తిరిగే భాగం (రోటరు) కరెంటు లోహపు రింగుల మీదుగా బయటికి వచ్చి వెళ్లేవి, ఈమధ్య బాగా తగ్గిపోయాయి. మోటారు వేగాన్ని ఎలక్ట్రానిక్స్‌తో అదుపు చేసే డ్రైవులు వచ్చాక కొత్తవి కొనేవాళ్లు బాగా తక్కువ. అయినా రాళ్ల క్రషర్లలో, పాత జూట్ మిల్లుల్లో కొన్ని ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. వాటిలో ఒకదాని గురించి రాస్తున్నాను. మొదటిసారి వెళ్లి నేను చేసిన రిపేరు ఆ మోటారు జబ్బుని తగ్గించలేదు సరికదా, రెండింతలు చేసింది. అది దాచితే ఈ కేసులో చెప్పడానికి ఇంకేమీ మిగలదు.

శ్రావణం చివర్లో ఫోన్ వచ్చింది. గజపతినగరం దాటాక లోపలికి, కొండ పక్కనున్న క్రషర్. "మాస్టారూ, మోటారు పిచికల్లాగ అరస్తంది. కార్బన్లు నెలన్నర కూడా ఆగట్లేదు. ఏటి సెయ్యమంటారు?" అన్నాడు ఆపరేటరు. ఫోన్ పక్కన పెట్టి వినిపించాడు కూడా. బేరింగు గోల అలా ఉండదు. సన్నగా, ఆగి ఆగి, గోరుతో పలక మీద గీసినట్టు ఉంది. బ్రష్షు, అంటే రింగుని ఆనుకుని ఉండే కార్బను దిమ్మ, తన హోల్డర్లో వణికితే వచ్చే శబ్దం అది.

మోటారు వివరాలు ముందే చెప్పేస్తాను, తర్వాత లెక్కలకి కావాలి. 110 కిలోవాట్లు, ఆరు పోళ్లు, 415 వోల్టులు, 985 ఆర్‌పీఎం. రోటరు 300 వోల్టులు, 225 ఆంపియర్లు అని ప్లేటు మీద కొట్టి ఉంది. మూడు గన్‌మెటల్ (రాగిలో తగరం కలిపిన లోహం) రింగులు, వ్యాసం 250 మి.మీ. రింగుకి నాలుగు చొప్పున పన్నెండు ఎలక్ట్రోగ్రాఫైట్ బ్రష్షులు, ఒక్కోటి 40 మి.మీ. పొడవు, 20 మి.మీ. వెడల్పున రింగుకి ఆనుతుంది. అంటే ఒక్కో బ్రష్షు ముఖం 8 చదరపు సెంటీమీటర్లు. ఈ రకం మోటార్లో రోటరు కరెంటంతా ఆ రింగుల మీదుగా, బ్రష్షుల గుండా స్టార్టరులోకి వెళ్లి తిరిగి వస్తుంది. స్టార్టింగులో మధ్యలో రెసిస్టెన్సు ఉంటుంది, స్పీడు అందుకున్నాక షార్టు అవుతుంది. కానీ బ్రష్షులు మాత్రం రోజంతా రింగుల్ని రాసుకుంటూనే ఉండాలి.

ఇంకో సంగతి. అంతకు ముందు అక్కడ ఉన్నది 75 కిలోవాట్ల మోటారు. అది కాలిపోతే, ఏడాది కిందట విశాఖలో పాత సామాను దగ్గర ఈ 110ది కొన్నారు. "పెద్దది వేసేస్తే టెన్షన్ ఉండదు కదా" అని ఓనరు గారు అన్నారు. నేనూ తలూపాను. ఆ మాట దగ్గరే ఆగి ఉంటే నాకు రెండు నెలలు కలిసొచ్చేవి.

మొదటిసారి

కవరు తీయగానే నల్లటి పొడి దోసెడు రాలింది. అందులో సగం కార్బను, సగం రాతి దుమ్ము. బ్రష్షుల స్ప్రింగులు స్ప్రింగ్ బ్యాలెన్సుతో లాగి చూశాను. చ.సెం.మీ.కి 120 గ్రాములు ఒకటి, 190 ఒకటి, ఏది దేనితోనూ కలవడం లేదు. కింది వరస హోల్డర్లు రింగుకి 5 మి.మీ. ఎడంగా ఉన్నాయి, 2 నుంచి 3 మి.మీ. ఉండాలి. రింగులు మాత్రం అద్దంలా మెరుస్తున్నాయి. కొత్త ఇత్తడి బిందె రంగు. దగ్గరగా చూస్తే చుట్టూ దారాలు చుట్టినట్టు సన్నటి గీతలు.

నేను వెంటనే దుమ్ము అన్నాను. ఎవరైనా అదే అంటారు. తూర్పు కనుమల రాయి మెత్తనిది కాదు. అందులో క్వార్ట్జ్ ఉంటుంది, చాలా చోట్ల గార్నెట్ కూడా. రెండూ గన్‌మెటల్ కంటే చాలా గట్టివి. బ్రష్షు కింద పడితే గీత గీయకుండా ఊరుకోవు. కాబట్టి రింగుల్ని లేత్ మీద సన్నగా టర్నింగ్ చేయించాను. హోల్డర్లు దింపి ఎడం సరిచేశాను. పన్నెండూ కొత్త బ్రష్షులు వేశాను. బ్రష్షు ఎగరకూడదని స్ప్రింగులు చ.సెం.మీ.కి 280 గ్రాములకి బిగించాను. వచ్చేటప్పుడు ఆపరేటర్‌కి ఒక మాట చెప్పాను: "దుమ్ము లోపలికి పోకుండా చూసుకో."

అతను నా మాట అక్షరాలా పాటించాడు.

పదహారో రోజు మళ్లీ ఫోన్. ఈసారి అరుపు లేదు, నిప్పురవ్వలు. వెళ్లి కొలిస్తే కొత్త బ్రష్షులు 17 మి.మీ. అరిగిపోయాయి. రోజుకి ఎనిమిది గంటల లెక్కన 130 గంటల్లోపే. మామూలుగా ఇలాంటి బ్రష్షు వెయ్యి గంటలకి మూడు నాలుగు మిల్లీమీటర్లు అరిగితే ఎవరం పట్టించుకోం. "బాగు సేసినాక ఇంకా ఎక్కువైపోనాది మాస్టారూ" అన్నాడతను, నిష్ఠూరంగా కాదు, ఆశ్చర్యంగా. నాకు సిగ్గేసింది.

కవరు విప్పుతుంటే గోబీ మంచూరియా బండి దగ్గర వచ్చే వాసన వచ్చింది. వెనిగర్ వాసన. క్రషర్లో వెనిగర్ ఎక్కడిది? కవరు అంచు చుట్టూ పారదర్శకంగా, మెత్తగా, వేలితో పూసినట్టు ఏదో ఉంది. బాత్‌రూము సింకు పక్కన పూసే సిలికోన్ ట్యూబు. ప్రతి ఆదివారం కవరు విప్పి, రింగులు శుభ్రం చేసి, మళ్లీ కొత్తగా ట్యూబు పూసి మూసేస్తున్నాడట. శుభ్రం దేంతో అని అడిగాను. ఎమరీ పేపరు తీసి చూపించాడు. "నల్లబడిపోతంది కదండీ. బిందె తోమినట్టు తోమెస్తన్నాను."

పాపం, అందులో అతని తప్పేమీ లేదు. మన ఇళ్లల్లో రాగి, ఇత్తడి అంటే చింతపండు పెట్టి తోమి తళతళలాడించడమే. నల్లబడితే ఆ ఇంటి ఇల్లాలికి మాటొస్తుంది. స్లిప్ రింగు విషయంలో సరిగ్గా దానికి తలకిందులుగా ఆలోచించాలి.

ఆ గోధుమరంగు పొర సంగతి

బాగా నడుస్తున్న గన్‌మెటల్ రింగు మెరవదు. తాటిబెల్లం రంగులోనో, వేయించిన కాఫీ గింజ రంగులోనో, చుట్టూ ఒకేలా, కొంచెం నిగనిగలాడుతూ ఉంటుంది. ఆ రంగుకి కారణం లోహం పైన ఏర్పడిన పొర. అడుగున రాగి ఆక్సైడు, ముఖ్యంగా క్యుప్రస్ ఆక్సైడు. దాని మీద బ్రష్షు నుంచి వచ్చి పరుచుకున్న గ్రాఫైటు. ఆపైన గాలిలోంచి పట్టిన తేమ. అంతా కలిపినా వెంట్రుక మందంలో వందో వంతు కూడా ఉండదు.

ఈ క్యుప్రస్ ఆక్సైడు లోహమూ కాదు, పూర్తి ఇన్సులేటరూ కాదు. సెమీకండక్టరు, పి-రకం. సిలికాన్ డయోడ్లు రాకముందు దీంతోనే రెక్టిఫయర్లు చేశారు. 1920లలో అమెరికాలో గ్రోండాల్ రాగి పలకని కాల్చి ఆక్సైడు పట్టించి, కరెంటు ఒక వైపే బాగా పోయేలా చేశాడు. తర్వాత చాలా ఏళ్లు బ్యాటరీ చార్జర్లలో, ఏసీ మీటర్లలో అవే ఉండేవి. అదే పదార్థం మన రింగు మీద తనంతట తానే పుడుతుంది. రోజూ అరుగుతుంది, రోజూ మళ్లీ పుడుతుంది.

నేను షాపులో కుర్రాళ్లకి ఇది మల్టీమీటరుతో చూపిస్తాను. బాగా పొర పట్టిన పాత రింగు మీద రెండు ప్రోబులు ఊరికే ఆనిస్తే ఓముల రీడింగు నిలవదు. పదులు, వందలు అంటూ ఊగుతుంది. అలాగే ఉంచి ప్రోబులు గట్టిగా నొక్కి కొంచెం తిప్పితే టక్కున సున్నాకి పడిపోతుంది. పొర అక్కడ చిట్లి మొన లోహాన్ని తాకిందన్న మాట. తర్వాత ఎమరీతో మెరిపించిన చోట పెడితే మొదటి నుంచీ సున్నాయే. నడిచే మోటార్లో కూడా ఇంచుమించు ఇదే జరుగుతుంది. బ్రష్షు ముఖం 8 చ.సెం.మీ. ఉన్నా కరెంటు పోయేది అందులో చిన్న చిన్న చుక్కల్లాంటి చోట్ల గుండానే. పొర చిట్లిన చోట కరెంటు దూరుతుంది, ఆ చుక్క వేడెక్కుతుంది, మళ్లీ ఆక్సైడు పడుతుంది, కరెంటు పక్క చుక్కకి మారుతుంది. బ్రష్షు దగ్గర పడే వోల్టేజి ఓమ్ సూత్రం ప్రకారం పోకపోవడానికి కారణం ఇదే. ఎలక్ట్రోగ్రాఫైటుకి అది సుమారు ఒక వోల్టు దగ్గర ఉంటుంది. కరెంటు రెట్టింపు చేసినా అది రెట్టింపు కాదు.

రాపిడికీ దీనికీ ఏమిటి సంబంధం? బ్రష్షు నేరుగా గన్‌మెటల్ని రాసుకుంటే లోహం లోహానికి అంటుకున్నట్టు కార్బను, లోహం ఒకదాన్నొకటి పట్టుకుని చీల్చుకుంటాయి. మధ్యలో పొర ఉంటే గ్రాఫైటు పలకలు గ్రాఫైటు పలకల మీద జారతాయి. ఆ జారుడుకి తేమ కూడా కావాలి. రెండో ప్రపంచ యుద్ధంలో చాలా ఎత్తున ఎగిరే విమానాల జనరేటర్లలో బ్రష్షులు కొన్ని గంటల్లోనే పొడైపోయేవి. గ్రాఫైటుకి జారే గుణం తనంతట తనకి లేదనీ, గాలిలోని నీటి ఆవిరి వల్లే వస్తుందనీ జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేసిన రాబర్ట్ సావేజ్ చూపించాడు. ఆ పేపరు 1948లో వచ్చింది. మనకి ఆ బాధ లేదు. బ్రష్షు కంపెనీల లెక్కలో ఘనపు మీటరు గాలికి 8 నుంచి 15 గ్రాముల నీటి ఆవిరి ఉంటే పొరకి హాయి, 2 గ్రాములకి తగ్గితే ప్రమాదం. భాద్రపదంలో మా దగ్గర 30 డిగ్రీలు, 80 శాతం తేమ అంటే 24 గ్రాములు. పొర మందం ఎక్కువవుతుందేమో అని చూసుకోవాలి గానీ, లేకుండా పోవడానికి వాతావరణాన్ని తిట్టలేం.

సెమీకండక్టరూ లోహమూ రాసుకున్నప్పుడు బరువు, నునుపు ఒక్కటే లెక్కలోకి రావు. ఇది నాకు ఆలస్యంగా తెలిసింది. నాసా లూయిస్ సెంటర్లో మియోషి, బక్లీ 1970ల చివర్లో సిలికాన్ కార్బైడ్ అనే సెమీకండక్టరు మీద రకరకాల లోహాల్ని వ్యాక్యూంలో రాసి చూశారు. టైటానియం, జిర్కోనియం లాంటి తొందరగా కలిసిపోయే గుణమున్న లోహాలకి రాపిడి ఎక్కువ, రోడియం లాంటి వాటికి తక్కువ. లోహం మాత్రం ప్రతిసారీ ఎంతో కొంత కార్బైడుకి అంటుకుంది. ఇంకా విచిత్రమైనది 2006లో అమెరికాలోని బర్కిలీ ల్యాబు వాళ్లది. ఒకే సిలికాన్ ముక్క మీద సెమీకండక్టర్లలోని రెండు రకాలు, పి-రకం, ఎన్-రకం చారలు పక్కపక్కనే చేసి, కరెంటు పోయే పూత ఉన్న సన్నటి మొనతో రాశారు. వోల్టేజి పెడితే పి-చార మీద రాపిడి బాగా పెరిగింది, ఎన్-చార మీద పెద్దగా మారలేదు. పైకి చూస్తే రెండూ ఒకే నునుపు. అది అణువుల స్థాయి ప్రయోగం, నా క్రషర్ బ్రష్షుకి తెచ్చి అతికించను. కానీ రాపిడి అనగానే స్ప్రింగు, గరుకుతనం అని రెండే వెతికే నా అలవాటుని మాత్రం అది మాన్పించింది.

ఇక సిలికోన్. ట్యూబులోంచి వచ్చిన వెనిగర్ వాసన ఆరేటప్పుడు వెలువడే ఎసిటిక్ ఆమ్లానిది. అది కాదు అసలు దొంగ. ఆరిన తర్వాత కూడా సిలికోన్ నుంచి చిన్న అణువులు ఆవిరిగా వస్తూనే ఉంటాయి. మూసేసిన పెట్టెలో అవి రింగు మీద పడతాయి. కరెంటు దూరే ఆ వేడి చుక్కల దగ్గర, రవ్వల దగ్గర విడిపోయి సిలికా అవుతాయి. అంటే ఇసుక. కరెంటు పోనివ్వని, గట్టి, అతి సన్నటి ఇసుక, సరిగ్గా సెమీకండక్టరు పొర ఉండాల్సిన చోట. కాంటాక్టు తెగి రవ్వలు వస్తాయి, రవ్వలు మరింత సిలికా చేస్తాయి, బ్రష్షు సానరాయికి పెట్టినట్టు అరుగుతుంది. దీనికి ఆవిరి చాలా కొంచెం చాలు. మూసిన స్లిప్ రింగు పెట్టెల దగ్గర సిలికోన్ సీలెంటు, సిలికోన్ గ్రీజు, స్ప్రే ఏదీ వాడొద్దని బ్రష్షు తయారీదారులు ఎప్పటి నుంచో చెబుతూనే ఉన్నారు. నేను ఎక్కడో చదివాను కూడా. ఆపరేటర్‌కి చెప్పాలని తట్టలేదు.

పది రెట్ల లెన్సులో ఆ రోజు రింగు బూడిద రంగులో, మెరుపు లేకుండా, సుద్దముక్క రాసినట్టు కనిపించింది. బ్రష్షు ముఖం వేలికి గరగరలాడింది.

రెండోసారి కూడా సగమే

సీలెంటు పూర్తిగా గీకేయించాను. కవరు, హోల్డర్లు సాల్వెంటుతో రెండుసార్లు తుడిపించాను. దుమ్ముకి లారీ ట్యూబు రబ్బరు కోసి గాస్కెట్‌లా వేశాం. చవకైన పని, బాగా పనిచేసింది. రింగులకి మళ్లీ సన్నటి టర్నింగ్. ఎమరీ పేపరు నా సంచిలో వేసుకుని తెచ్చేశాను. దాని పొడి బ్రష్షు ముఖంలో గుచ్చుకుంటే రింగుని లోపలి నుంచి కోస్తూ ఉంటుంది. బ్రష్షు ముఖాన్ని రింగు వంపుకి కుదర్చాలంటే గాజు కాగితమే వాడాలి.

రవ్వలు ఆగిపోయాయి. అరుగుదల తగ్గింది. కానీ నాలుగో రోజు నుంచి పిచిక మళ్లీ మొదలు. రింగులు గోధుమరంగు తిరగలేదు. అక్కడక్కడ చారలుగా రంగు వచ్చి, మధ్యలో మెరిసే చారలు ఉండిపోయాయి.

అంటే మొదటి ఫోన్ వచ్చిన రోజు ఉన్న జబ్బు అలాగే ఉంది. సిలికోన్ నా సలహా వల్ల మధ్యలో చేరిన రెండో జబ్బు.

అప్పుడు కరెంటు కొలవాలనిపించింది. ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. రోటరు కరెంటు 50 హెర్ట్జ్ కాదు, స్లిప్ ఫ్రీక్వెన్సీ, అంటే మోటారులో తిరిగే అయస్కాంత క్షేత్రం కంటే రోటరు ఎంత వెనకబడితే (స్లిప్) అంతే, ఒక హెర్ట్జ్ కంటే తక్కువ. మామూలు ఏసీ క్లాంపు మీటరు పెడితే దాని ఇష్టం వచ్చింది చూపిస్తుంది. డీసీ కొలిచే హాల్ క్లాంపు తెచ్చి, డీసీలో పెట్టి, రోటరు కేబులుకి తగిలించి కూర్చున్నాను. అంకె ప్లస్‌కి వెళ్లి మైనస్‌కి వచ్చి మళ్లీ ప్లస్‌కి వెళ్తుంది, ఉయ్యాలలా. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి లెక్కపెట్టాను. నిమిషానికి 18 ఊపులు. అంటే 0.3 హెర్ట్జ్. ప్లేటు మీది 985 స్పీడు దగ్గర ఫుల్ లోడులో 0.75 హెర్ట్జ్, అంటే నిమిషానికి 45 ఊపులు రావాలి. మామూలు నడకలో స్లిప్‌కి తగ్గట్టే రోటరు కరెంటు ఉంటుంది కాబట్టి ఈ మోటారు లాగుతున్నది 40 శాతమే, అంటే 90 ఆంపియర్లు. లారీ పెద్ద బండలు ఒలికించినప్పుడు కూడా 27 ఊపులు దాటలేదు. అది 60 శాతం, 135 ఆంపియర్లు.

రింగుకి నాలుగు బ్రష్షులు, మొత్తం 32 చ.సెం.మీ. 90ని 32తో భాగిస్తే చ.సెం.మీ.కి 2.8 ఆంపియర్లు. ఎలక్ట్రోగ్రాఫైటు హాయిగా నడిచేది 8 నుంచి 12 మధ్య. 4, 5 కంటే తగ్గితే పొర సరిగా కట్టదు. కట్టినా ఒకే బ్రష్షు మొత్తం లాగేసి మిగతావి ఖాళీగా రాసుకుంటాయి. కరెంటు లేని బ్రష్షు కింద ఆ చుక్కలు వేడెక్కవు, ఆక్సైడూ గ్రాఫైటూ కలిసి ఒకేలా పరుచుకోవు, రాపిడి పెరుగుతుంది, బ్రష్షు పట్టి వదిలి పట్టి వదిలి వణుకుతుంది. మన పిచిక అదే. 75 కిలోవాట్ల మోటారు చేసే పనికి 110ది తెచ్చిన రోజే ఈ కథ మొదలైంది.

నా స్ప్రింగుల బిగింపు ఎంత తెలివితక్కువ పనో కూడా అప్పుడే లెక్కేశాను. రింగు అంచు వేగం సెకనుకి 12.9 మీటర్లు. రాపిడి గుణకం 0.15 అనుకుంటే, 200 గ్రాముల ఒత్తిడి దగ్గర ఒక్కో బ్రష్షు రాపిడి వల్లే 30 వాట్ల వేడి. పన్నెండింటికి 365. అదే 280 గ్రాములకి 510. అరిచేటప్పుడు గుణకం ఇంకా ఎక్కువ, కాబట్టి వేడి కూడా. కరెంటు వల్ల బ్రష్షుల దగ్గర పుట్టేది చూస్తే మూడు రింగులకీ కలిపి 90 ఆంపియర్లు, వోల్టు చొప్పున 270 వాట్లే. అంటే ఈ మోటార్లో బ్రష్షుల వేడి ఎక్కువగా రాపిడిదే, దాన్ని నేను చేతులారా పెంచాను.

బ్రష్షులు పీకేయడం

మందు సులువే: బ్రష్షులు తగ్గించడం. రింగుకి రెండు ఉంచితే 16 చ.సెం.మీ., 90 ఆంపియర్లకి 5.6, బండలు పడినప్పుడు 8.4. స్టార్టింగులో కాసేపు ఎక్కువే ఉంటుంది కానీ వీళ్లు జా (రాళ్లని నలిపే క్రషర్ దవడ) ఖాళీ చేశాకే స్టార్టు చేస్తారు, కొన్ని సెకన్ల పని.

ఓనరు గారికి చెబితే నమ్మలేదు. "కార్బన్లు అరిగిపోతన్నాయంటే ఉన్నవి తీసెయ్యమంటారేటండీ?" నిజమే, వినడానికి అలాగే ఉంటుంది. నాకూ వందకి వంద నమ్మకం లేదు. అందుకని బేరం పెట్టాను. రెండు రింగులకి రెండేసి బ్రష్షులు తీస్తాను, మూడో రింగుకి నాలుగూ ఉంచుతాను. మూడింటికీ స్ప్రింగులు 200 గ్రాములకి దింపుతాను. సిలికోన్ మూడింటి మీదా ఒకేలా పోయింది కాబట్టి ఇప్పుడు తేడా వస్తే బ్రష్షుల లెక్క వల్లే. పది రోజులు చూద్దాం. ఎవరూ రింగుల్ని తోమకూడదు.

సిరిమానోత్సవం ముందు వారం అది. ఊరంతా పైడితల్లమ్మ పండగ హడావిడి, షాపులో కుర్రాళ్లు సెలవు అడుగుతున్నారు. పండగ అయిన మర్నాడు ఒక్కడినే వెళ్లాను. కవరు తీసి టార్చి వేశాను. రెండు బ్రష్షుల రింగులు రెండూ బెల్లం రంగు తిరిగాయి, చుట్టూ ఒకేలా. నాలుగు బ్రష్షుల రింగు మీద మాత్రం ఇంకా పులిచారలు. స్క్రూడ్రైవరు పిడి చెవికి ఆనించి, మొన ఒక్కో హోల్డరుకి పెట్టి విన్నాను. ఆ మూడో రింగు హోల్డర్లు మాత్రమే సన్నగా గిలగిలలాడుతున్నాయి. నాలుగు బ్రష్షుల తీగల్ని డీసీ క్లాంపుతో విడివిడిగా చూస్తే ఒకటే దాదాపు సగం కరెంటు మోస్తోంది, ఒకదానికి ఏమీ లేదు. ఆపరేటరుని పిలిచి మూడూ చూపించాను. అతను చాలాసేపు చూసి, "అయితే నల్లగుంటేనే మంచిదేటండీ" అన్నాడు. ఆ రోజే మూడో రింగు నుంచి కూడా రెండు పీకేశాను.

ఇందులో ప్రమాదం లేదని అనను. రెండే ఉన్నప్పుడు ఒక బ్రష్షు హోల్డర్లో ఇరుక్కుపోతే రెండోదాని మీద మొత్తం భారం పడి కాలిపోతుంది. నాలుగుంటే ఆ దిలాసా ఉంటుంది. అందుకే వారానికోసారి మోటారు ఆపి, ఒక్కో బ్రష్షునీ తీగ పట్టుకుని పైకి లాగి వదిలి, సాఫీగా జారుతోందో లేదో చూడమన్నాను. కవరు లోపలి వైపు కాగితం అంటించాను: ఫీడు పెంచినా, జా సైజు మార్చినా బ్రష్షులు తిరిగి వేయాలి, సిలికోన్ ట్యూబు, ఎమరీ రెండూ నిషేధం. అంటించింది మైదా జిగురుతో, ఆపరేటరు నవ్వాడు.

వానలకి క్రషర్ ఆగిపోయే వారాల్లో ఇంకో చిక్కు ఉంటుంది. బ్రష్షులు ఒకే చోట ఆని తడిగాలిలో కూర్చుంటే ఆ ముఖం సైజుకి రింగు మీద మచ్చ పడుతుంది. తర్వాత తిరిగేటప్పుడు బ్రష్షు అక్కడ తడబడుతుంది. పది రోజులకి మించి ఆగితే బ్రష్షులు పైకి లేపి పెట్టమన్నాను, లేదా బ్రష్షుకీ రింగుకీ మధ్య గట్టి కాగితం పెట్టమన్నాను.

సంక్రాంతి దాటాక కొలిచాను. దాదాపు 600 గంటల నడకకి బ్రష్షులు 2 మి.మీ. అరిగాయి. మూడు రింగులూ ఒకే రంగు. చలి ఉదయాల్లో రింగు చల్లగా ఉన్నప్పుడు మొదటి పది నిమిషాలు సన్నటి కూత ఒకటి వస్తుంది, వేడెక్కాక పోతుంది. దాన్ని అలాగే వదిలేశాను. పూర్తిగా పోగొట్టాలంటే బ్రష్షు గ్రేడు మార్చి చూడాలి. నడుస్తున్న దాన్ని కెలకడం నాకిష్టం లేదు.

బిల్లు ఇచ్చినప్పుడు ఓనరు గారు కళ్లద్దాలు సవరించుకుని పైనుంచి కిందకి చదివారు. పన్నెండు బ్రష్షుల ధర దగ్గర ఆగారు. "ఆరు తీసేశారు కదండీ, ఆ ఆరింటికీ తగ్గించండి" అన్నారు. తీసిన ఆరూ స్పేరుగా ఆయన బీరువాలోనే ఉన్నాయని గుర్తుచేశాను. అయినా రెండొందలు తగ్గించాకే సంతకం పెట్టారు.